మూడో గడి

టంగుటూరు దాటాక బస్సులోకే వచ్చేస్తుంది
కాగిన ఆకు వాసన. కొంచెం తీపి, కొంచెం తలనొప్పి.
ఒళ్లో సంచి, సంచిలో నూట ఇరవై ప్రశ్నావళులు,
ఒంగోలు కర్నూలు రోడ్డులో జిరాక్సు తీయించినవి
పేజీకి రూపాయి, వెనకా ముందూ అయితే రూపాయిన్నర.
ఫెలోషిప్పు ఆర్నెల్లుగా పడలేదు.
ఆ సంగతి ఏ అధ్యాయంలోకీ రాదు.

నా అంశం:
పొగాకు సీజనులో ఆడపిల్లల బడి మానివేత, తల్లిదండ్రుల వైఖరి.
ఒక్కో వాక్యానికి ఐదు గళ్లు.
పూర్తిగా ఒప్పుకుంటాను, ఒప్పుకుంటాను, చెప్పలేను,
ఒప్పుకోను, బొత్తిగా ఒప్పుకోను.
మనసు ఎటు పొర్లినా
ఈ ఐదింట్లో ఒకదాంట్లోనే కూర్చోవాలి.

కొండపి అవతల, బ్యారన్ పంచన
చాట్ల దీనమ్మ ఆకు గ్రేడు చేస్తోంది.
నా కాగితంలో ఆమె అరవై మూడు.

"ఆడపిల్లకు చదువు అవసరం." చదివాను.
"గాదని ఎవురన్నా అంటారా పాపా?"
మొదటి గడిలో టిక్కు.

"పనుల కాలంలో బడి మాన్పించడం తప్పు కాదు."
ఆమె చేతిలో ఆకు ఆగింది.
నిమ్మపండు రంగు, ఈనె పక్కన మాత్రం గోరంత మచ్చ.
వెలుతురుకెత్తి చూసింది.
ఆ కుప్పలో వేయబోయి, ఈ కుప్పలో వేయబోయి
మోకాలి మీద పెట్టుకుంది.

"ఆ యేడు నాకు చెయ్యి ఇరిగింది.
మేస్త్రి కాడ ముందే డబ్బు తిన్నాం.
వారం రోజులే అన్నా మా కెజియాతో.
వారం పోయె, రెండో కోత వచ్చె, మూడో కోత వచ్చె.
తప్పా అంటే తప్పే.
గాదా అంటే, గాదు గూడా.
యాడ పెట్టుకుంటావో పెట్టుకో."

నా పెన్ను మూడో గడి మీదికి పోయింది.
"అదేంది?"
"చెప్పలేను, అని."
"మరి ఇందాకట్నించి చెప్పిందెవురు?"

తల వంచుకుని కుప్పలు లెక్కపెట్టాను.
తొమ్మిది.
నిమ్మ పసుపు, నారింజ, పచ్చ తగిలిన పసుపు,
మాడింది, చిరిగింది, ఇంకా నాకు పేర్లు తెలియనివి.
దేన్లోనూ ఇమడని ఆకుకి విడిగా ఒక గోనె.
దాన్నీ తూకం వేస్తారట.

వెనక కర్రలు సర్దుతున్న పిల్ల వచ్చింది
చేతులకు నల్లటి జిగురు, అరచేతులు తగలకుండా
వేళ్ల కొసలతో కాగితం పట్టుకుని
శీర్షిక పైకి చదివింది, ఒక్క తప్పు లేకుండా.

"మానివేత కాదు మేడమ్.
నేను మాన్లేదు. ఆకు అయిపోయినాక పోయా.
పరీక్ష ఫీజు గూడా పట్టుకొని పోయా.
అప్పటికే రిజిస్టర్లో పేరు కొట్టేసున్నారు."

ఆ రిజిస్టరు నేను చూశాను.
పేర్ల మీద ఎర్రసిరా గీతలు, స్కేలు పెట్టి గీసినవి.
ఆ గీతల్నే లెక్కపెట్టుకొచ్చి
పట్టిక మూడులో 'మానినవారు' అని రాశాను.

గైడుగారి గదిలో ఫ్యాను కింద కాగితాలు నిలవవు.
"మూడో గడిలో మరీ ఎక్కువ పడ్డాయమ్మా,
వాళ్లకి ప్రశ్న అర్థమై ఉండదు. తీసేసి లెక్క వెయ్యి."
నలభై ఒకటి తీసేశాను.
లెక్క చక్కగా కుదిరింది.
"శీర్షిక?" అన్నాను.
"ఇప్పుడు మార్చాలంటే కమిటీ కూర్చోవాలి.
కూర్చునేసరికి నీ గడువు దాటుద్ది."

అట్టకి బంగారు అక్షరాలు వేయించాను.
మానివేత అనే.
నూట పద్దెనిమిదో పేజీ అడుగున
గీత కింద, చీమ తలంత అక్షరాల్లో
కెజియా చెప్పింది చెప్పినట్టు పెట్టాను,
కొట్టేసున్నారు, అని.

వైవా రోజు టీ వచ్చింది, జీడిపప్పు బిస్కెట్లు వచ్చాయి.
పేజీలు తిరిగాయి. నూట పదహారు. నూట పద్దెనిమిది.
ఎవరి కళ్లజోడూ అంత కిందికి దిగలేదు.
నేనూ వేలు పెట్టి చూపించలేదు.