ఆరే దాక

మన్ననూరు దాటినంక, గుట్ట ఎక్కే మలుపుల
అడవి ఆఫీసోళ్ల పాత బంగ్లా.
లోపల నేలంతా టేకు పలకలు.
బండలు కడిగిన, గచ్చు కడిగిన, మొజాయిక్ రుద్దిన,
కట్టె నేల మీద నడవడం మాత్రం నాకు ఇదే మొదలు.
అడుగేస్తే కింద ఎవరో "ఊఁ" కొట్టినట్టుంటది.

నాలుగు దినాలు గీకుడే.
ఎనభై నంబరు కాగితం, నూటిరవై, రెండొందల ఇరవై.
పాత మైనం పోయింది, టీ గిలాసల గుండ్రాలు పోయినయి.
ఏ దొర బూటు మేకులు దిగినయో, ఆ గుంటలు పోలే.
మిషను దూరని మూలలల్ల నేను, మోకాళ్ల మీద.
బెల్లం రంగు దుమ్ము లేచి
నా కనుబొమ్మల మీద కూసుంది.
ఆ దుమ్మునే జిగురుల పిసికి సందులు నింపినం,
కట్టె పుండుకు కట్టె మందే.

కాంట్రాక్టరు ఫోన్ల ఒకటే ఒర్రుడు:
"నల్లగ కొట్టుండ్రి, పెద్ద సార్లొస్తరు, రిచ్చుగుండాలె!"
జహంగీర్ మామ డబ్బా మూత లేపుకుంట
"రంగు దాచుకునేటోళ్లకు" అన్నడు. ఫోను పెట్టేసిండు.

డబ్బాల చూస్తే తేనె, వాసనేమో పెట్రోలు బంకు.
నేను గిరగిర తిప్పబోతే చెయ్యి పట్టుకున్నడు.
"బుడగ లేస్తది బిడ్డా. బుడగ ఆరితే పొక్కు.
పప్పు ఎనిపినట్టు కాదు,
పండుకున్న పిల్ల తల నిమిరినట్టు."

రంగు లేనిది పడంగనే పలకకు రంగొచ్చింది,
తొలి వాన తాకిన చెల్క లెక్క.
గీతలు తేలినయి.
ఎడం ఎడంగుంటే కాలమైన ఏండ్లంట,
ఒకదాన్నొకటి ఒరుసుకుంటే కరువంట.
కిటికీల కనబడే ఆ గుట్టదే ఈ చెట్టు.
ఒక పలకల ఏడు గీతలు, వెంట్రుకలంత సన్నం,
వేలు తగలకుండ లెక్కవెట్టిన.
మా తాత బొంబాయి బస్సెక్కిన ఏండ్లేమో.
మేం పోయినం.
చెట్టు యాడికి పోతది,
ఉన్నకాడనే సన్నబడ్డది.

మూడో పూత ఐతారం నాడు.
ఫ్యాను బందు. కిటికీలకు లోపలికెళ్లి గొళ్లాలు,
దుమ్ము రాకుండ సందులకు టేపు, అన్నీ నేనే వేసిన.
చెమట చుక్క పడితే తెల్లగ పాలిపోతదని
నెత్తికి తువాల.
ఎదురు గోడ కాడ మొదలువెట్టి
నార పోయిన దిక్కే బ్రష్షు లాగుకుంట,
తడి అంచు ఆరకముందే తడి అంచు కలుపుకుంట,
ఎనకకెనకకు, ఎనకకెనకకు,
దర్వాజ దాటి అరుగు మీదికొచ్చినంక నడుము లేపిన.
గదంతా నిలవడ్డ నీళ్లు.
పైకప్పు దూలాలు అండ్ల తలకిందులు.
ఒక పురుగు వాలింది. మామ నోట్లకెళ్లి ఏం తిట్టొచ్చిందో రాయను.

అప్పుడు మోగింది.
అవతలి కిటికీ గూట్ల, నా ఫోను.

ఐతారం నాలుగు గంటలకు
కొల్లాపూర్ గురుకులంల పిల్లలు లైను కడుతరు,
మనిషికి రెండు నిమిషాలు.
నా సలేశ్వరి వంతు.

గడప మీద ఒక కాలు లేపిన.
మామ నా దిక్కు చూడలే.
"తొక్కుతె తొక్కు. మళ్ల గీకుదం" అన్నడు, బ్రష్షు కడుక్కుంట.
ఆ గొంతుల కోపముంటే తొక్కుతుంటినేమో.

బంగ్లా చుట్టు తిరిగి ఉరికిన, ముండ్ల తుప్పల్లకెళ్లి.
కిటికీ కాడికొచ్చిన.
అద్దానికవతల జానెడు దూరంల ఫోను,
గొళ్లెం నేను వేసిందే, టేపు నేను అంటించిందే.
తెర మీద దాని పేరు వెలుగుతున్నది,
పచ్చి నేల మీద ఆ వెలుగు
ఏడు సన్న గీతల దాక పారింది.

అద్దానికి నోరు ఆనించి
"అన్నం తిన్నవా" అన్న.
మోగుడు ఆగింది.

అద్దం మీద ఆవిరి వట్టింది.
కొంగుతోని తుడిచిన,
గుండ్రంగ కాదు,
పొడుగుకు, ఒకే దిక్కు,
నార పోయినట్టు.