మూడు గంటల పద్దు

మూడయ్యేసరికి కళ్లు తెరుచుకుంటాయి.
అలారం లేదు, కుక్క మొరగలేదు,
వన్ టౌన్ వెనక సముద్రం మామూలుగానే దగ్గుతూ ఉంటుంది.
ఫిషింగ్ హార్బర్లో ఇరవై ఏడేళ్లు
వేలం పద్దులు రాసిన చెయ్యి,
మానేసి రెండేళ్లయినా,
దుప్పటి మీద కలం కోసం తడుముతుంది.

నిద్రమాత్రలు మింగి చూశాను.
పగలంతా ఐసులో పెట్టిన కానాగంతలా
కళ్లు తెరిచే పడి ఉన్నాను.

అల్లిపురంలో టైర్ల కొట్టు పైన
చైనా వైద్యం చేస్తారని ఐసు ఫ్యాక్టరీ కామేశు చెప్పాడు.
"సూదులు గుచ్చుతారు బావా, నొప్పుండదు,
డబ్బులిచ్చేటప్పుడే కాస్త."

డాక్టరు సువర్చల ముందు నాలుక చూపించమంది.
తర్వాత మణికట్టు మీద మూడు వేళ్లు ఆనించి
కళ్లు మూసుకుంది.
ఒక్కో వేలూ ఒక్కో లోతుకి నొక్కుతోంది.
నాకు తెలుసు ఆ నొక్కుడు.
వంజరం మెడ దగ్గర వేలుపెట్టి
గుంట పూడుతుందా లేదా అని చూస్తాడే కొనేవాడు, అదే.
నా గుంట పూడిందో లేదో ఆవిడ చెప్పలేదు.

గోడ మీది పటంలో బట్టల్లేని మనిషి.
కాలి వేళ్ల నుంచి నుదుటిదాకా ఏరుల్లా గీతలు,
గీతల పొడవునా రేవుల్లా చుక్కలు.
చైనావాళ్ల లెక్కలో ఒక్కో అవయవానికీ
రెండేసి గంటల డ్యూటీ అట.
"మూడు నుంచి అయిదు ఊపిరితిత్తులది.
దుఃఖం అక్కడుంటుందంటారు.
మీకేం దుఃఖం?"
"దుఃఖం కాదమ్మా, పడవలొచ్చే వేళ అది" అన్నాను.
ఆవిడ రాసుకుంది.
ఏది రాసుకుందో కనబడలేదు.

మణికట్టు మడతలో ఒక సూది,
ఆ చోటి పేరు మనసు వాకిలి అట.
అరికాల్లో ఒకటి, అది ఊట.
కనుబొమల నడుమ ఒకటి.
తలుపు దగ్గరగా వేసి వెళ్లిపోయింది.
కింద ఎవరో టైరులోకి గాలి కొడుతున్నారు.
ముళ్లు తీయని చేపలా ఇరవై నిమిషాలు.

మైలపల్లి గురన్న బోటు.
వెళ్లిన తేదీ రాశాను,
ఐసు ఎన్ని దిమ్మలో రాశాను, డీజిలు రాశాను.
సరుకు గడి ఖాళీ.
మర్నాడు మూడింటికీ ఖాళీ.
నెల తిరిగాక కొత్త పుస్తకంలోకి
ఆ వరసని అలాగే ఎక్కించాను.
ఏడాది చివర మేనేజరు కొట్టేయమన్నాడు.
కొట్టేశాను.
స్కేలు పెట్టి, తిన్నగా.

కంటి కొస నుంచి ఏదో చెవిలోకి జారింది.
తుడుచుకుందామంటే
వాకిట్లో సూది ఉంది.

వెళ్లేటప్పుడు చెవి మడతలో
ఆవగింజంత గింజ ప్లాస్టరుతో అంటించింది,
మెలకువొస్తే నొక్కుకోమని.
ఒక పొట్లం కూడా ఇచ్చింది, ఎర్రటి పప్పు,
దంచి, మరిగించి, పడుకోబోయే ముందు తాగాలట.
"చైనా రేగి గింజల్లోది. మన రేగికి దాయాది."

నవ్వొచ్చింది.
కైలాసగిరి వెనక ముళ్లపొదల్లో
నిక్కరు జేబులు నింపుకుని
గింజ ఎవడు దూరం ఉమ్ముతాడని పందెం వేసేవాళ్లం.
ఎప్పుడూ గురన్నే గెలిచేవాడు.
ఎంత నిద్ర ఉమ్మేశామో ఆ కొండ మీద!

కషాయం పుల్లగా, కాస్త మట్టివాసనగా ఉంది.
ఆ రాత్రీ మూడింటికే మెలకువొచ్చింది.
చెవి నొక్కాను. నొప్పి.
ఊరికే నొక్కడం చేతకాక లెక్క మొదలెట్టాను:
కానాగంతలు పన్నెండు బుట్టలు,
నెత్తళ్లు నాలుగు,
చందువలు ఒకటిన్నర,
గురన్న బోటు...
స్కేలు గీత కింద గడి ఇంకా ఖాళీగానే ఉంది.
అక్కడే ఆగి, చెవి నొక్కుతూ, కాసుకున్నాను.
తర్వాతి పద్దు నాకు గుర్తులేదు.

లేచేసరికి ఏడుంబావు.
కిటికీలో ఎండ, చెంప మీద దిండు మడత.
చెవిలో గింజ లేదు.
పక్క దులిపాను, మంచం కింద చూశాను.
ఎంత దూరం పడిందో.