వెనకాల రాసిన చిల్లర

ఆ చీటీ మీద డాక్టరు పదిహేను రోజులకే రాశాడు.
నేను ఆరేళ్ళు ఇచ్చాను.

ముందు ఆ మాట ఒప్పుకోకుండా
వరహాలమ్మ గురించి ఏం చెప్పినా
అది నా షాపు షట్టరుకి రంగేసుకోవడమే.

హుద్‌హుద్ రాత్రి ఆమె ఇంటి రేకులు
పేరు పెట్టి పిలిచినట్టు ఒక్కొక్కటే లేచిపోయాయట.
మంచం కింద దూరి తెల్లారేదాకా
లెక్కపెట్టింది. పద్నాలుగు.
గాలి ఆగింది. కరెంటొచ్చింది.
బీచ్ రోడ్డులో కొత్త మొక్కలు నాటారు.
ఆమెకి మాత్రం లెక్క ఆగలేదు.

"నిద్దర నేదు బాబూ" అంటూ
గోపాలపట్నంలో నా కౌంటరు మీద
చెమటకి మెత్తబడ్డ చీటీ పెట్టింది.
కండక్టరు చెయ్యి, వేళ్ళకి నాణేల నలుపు.
మాత్ర చిటికెన వేలి గోరంత లేదు.
మొదటి వారం నాకు అరటిపళ్ళు తెచ్చింది,
కంటినిండా పడుకున్నానని.

తర్వాత ఒకటి రెండయింది.
రెండు ఎప్పుడు మూడయిందో ఇద్దరం చూడలేదు.
చూడలేదంటే అబద్ధం.
నేను చూశాను. బిల్లు లేకుండా ఇచ్చాను.
చీటీ మడతలో తేదీ అరిగిపోయింది.
అరిగిన చోట నా లాభం ఉంది.

మత్తంటే తూలడమనుకుంటారు జనం.
ఆమె తూలలేదు. ఖాకీ చొక్కా ఇస్త్రీ నలగలేదు.
సుఖం కోసం ఒక్కనాడూ మింగలేదు,
మింగకపోతే వచ్చే రాత్రికి జడిసి మింగింది.
ఒకరోజు మర్రిపాలెం దాటాక
పద్దెనిమిదేళ్ళుగా అరిచిన స్టాపు పేరు
నోటికి రాలేదు.
బస్సంతా ఎదురుచూసింది.
వెనక సీట్లోంచి ఎవడో కుర్రాడు
"ఎన్ఏడీ!" అని అరిచి నవ్వాడు.
ఆ సాయంత్రం లెక్కలో మూడొందల నలభై తక్కువ.
సొంత డబ్బు కట్టి,
నా దగ్గరికొచ్చి ఇంకో అట్ట కొనుక్కుంది.

బియ్యం డబ్బాలో అట్టలు దొరికాయి కొడుక్కి.
ఈశ్వర్రావు ప్రేమతోనే
అన్నీ ఒకేసారి మురిక్కాలవలో పోశాడు,
అప్పన్న పటం ముందు ఒట్టు వేయించుకున్నాడు.
మూడో రాత్రికి చేతులు వణికాయి.
నాలుగో రాత్రి నాలుక కొరుక్కుని ఫిట్సు.
కేజీహెచ్ వరండాలో నన్ను పట్టుకుని అడిగాడు:
"మానేస్తే కదండీ బాగుపడాలి?
మానేస్తే ఇలా అయిందేంటి?"
మందుల షాపు వాణ్ణి. జవాబు నాకు తెలుసు.
ఆరేళ్ళుగా తెలుసు.

చినవాల్తేరు ఆసుపత్రి పేరెత్తితే
"నాను పిచ్చిదాన్నేటి?" అని గోడవైపు తిరిగింది.
అక్కడి డాక్టరమ్మ హసీనా
కుర్చీ దగ్గరికి లాక్కుని కూర్చుంది.
"నోటు వద్దనుకుని చింపేస్తే నష్టం నీకే తల్లీ.
మెల్లగా చిల్లర మార్చుకోవాలి" అంది.
ఆ మాట కండక్టరుకి అర్థమైంది.

అప్పట్నుంచి బ్లేడు నా పని.
డాక్టరమ్మ రాసిన లెక్కన, శనివారం శనివారం,
ముప్పావు, సగం, పావు,
పావులో సగం.
రాలిన పొడిని వేలికొనతో అద్ది
కాగితం పొట్లాలు కట్టి, మీద రోజు రాసి.
కొన్ని వారాలు కదల్లేదు.
ఒక వారం వెనక్కొచ్చింది:
హార్బరులో తుపాను జెండా ఎగరేసిన వారం.
రాత్రి రెండింటికి ఫోను. "రేకులు, బాబూ."
"ఎన్ని?" అన్నాను, ఏమనాలో తెలీక.
చాలాసేపటికి,
"పద్నాలుగూ ఉన్నాయి" అంది.
ఆ ఇంటికి స్లాబు పడి నాలుగేళ్ళు.

పదహారు నెలలు.
పూర్తిగా మానేసిందా అని అడక్కండి.
చివరి పొట్లం ఇంకా ఆమె సంచిలోనే ఉందంటాడు ఈశ్వర్రావు.
వెతకొద్దన్నాను.

మొన్న సింహాచలం బస్సెక్కాను.
వంద నోటిచ్చాను. టికెట్టు వెనక
డెబ్బై ఐదు రాసి, చుట్టూ సున్నా చుట్టింది.
పలకరించలేదు.
తాటిచెట్లపాలెం, మర్రిపాలెం, ఎన్ఏడీ...
దేన్నీ తడుముకోకుండా అరిచింది.
గోపాలపట్నంలో దిగి నడిచిపోతున్నాను,
నాకు రావలసిందేముంది ఆమె దగ్గర, అనుకుంటూ.

వెనక ఈల. కదిలిన బస్సు ఆగింది.
ఫుట్‌బోర్డు మీంచి వంగి, చెయ్యి చాపి,
"మందుల బాబూ! డెబ్బయ్యైదు!"