అడుగుకు ఎనభై

గుత్తి చర్చిలో ఆ సాయంత్రం
బెంచీలు సగం వెనక్కి జరిపినారు.
మద్రాసు నుంచి బస్సులో దిగినారు నలభైమంది,
వయొలిన్లు, సెల్లోలు, మనిషెత్తు బేసులు.
బేసుకొక సీటు టిక్కెట్టు కొన్నారంట.

నేను చెప్పులు విడిచి
తలుపు పక్కన కూచున్నా.
పాతికేండ్లు రిగ్గు లారీ మీద చేసినోణ్ణి,
ఎడమ చెవి ఎప్పుడో పోయింది,
కుడి చెవిని ముందుకు తిప్పుకున్నా.

సిలువ మీది ఏడు మాటలకు ఏడు ముక్కలంట.
ఒక్క మాటా ఉండదంట.
రాసింది సలోమి, హనోకయ్య కూతురు.
పెద్దవడుగూరు దారిలో వాళ్ళ శనక్కాయ చేను
నాకింకా గుర్తు.
అప్పుడు రెండు జడల పిల్ల,
మేం కొట్టిన ఏడు బోర్ల పొడిని
గట్టు మీద కుప్పలు పోసి రంగులు చెప్పేది:
ఇది బూడిద, ఇది ఇటిక, ఇది మళ్ళా బూడిద.

పాస్టరుగారు ప్రార్థన చేసిన చోట ఒకటి,
అరచేతిలో టెంకాయ లేచి నిలబడిన చోట ఒకటి,
జియాలజీ ఆయన మిషను పెట్టి చూపిన చోట రెండు,
మిగతావి హనోకయ్య మొండితనానికి.
అందరి దేవుళ్ళకూ ఒకటే రేటు మాది,
అడుగుకు ఎనభై.

మొదటి నాలుగు ముక్కలూ నాకందలేదు.
అయిదోది దప్పిక.

కర్ర పట్టుకున్నామె చెయ్యి దించింది.
బేసులు ఒకే శ్రుతి పట్టుకుని వదలలేదు,
కాళ్ళకింద బండలు వణికినాయి.
చుట్టూ అందరూ కండ్లు మూసుకున్నారు.
నాకు తెలుసు, అది కంప్రెసరు.
ఆపైన కమాను కట్టెతో తీగల్ని కొట్టినారు, టక టక టక,
బిట్టు మన్ను దాటి నల్లరాయికి తగిలింది.
రెండొందల ఇరవై, నలభై, అరవై,
వేళ్ళమీద పైపులు లెక్కపెట్టుకుంటున్నా.
పిల్లంగోవి ఒకటి సన్నగా పైకొచ్చింది.
నీళ్ళు!
సిగ్గులేకుండా లేచి నిలబడినా.

దుమ్ము.
స్వరం లేకుండా ఉత్త ఊపిరి,
నలుగురు కలిసి దుమ్ము ఊదినారు.

ముగించినట్టు కూడా లేదు.
పైపులు ఒక్కోటి విప్పుకుని
లారీ పక్క చేనికి పోయినట్టు
వాయిద్యాలు ఒక్కొక్కటే తప్పుకున్నాయి.
ఆ నిశ్శబ్దంలో మా సేటు
ఎంగిలి వేలితో నోట్లు లెక్కపెట్టిన చప్పుడు
నాకొక్కనికే వినిపించింది.

మిగతా రెండూ నేను వినలేదు.

బయట టీ ఇస్తున్నారు.
హనోకయ్య గోడకానుకుని ఊదుకుంటా తాగుతున్నాడు.
చెప్పాలనుకున్నది వేరే.
నోట్లోంచి వచ్చింది ఇదీ:
"ఆ అయిదో ముక్క, అన్నా,
మన అయిదో బోరు కదా."

నా మొహం చూసినాడు. పోల్చుకున్నాడో లేదో.
"కాదప్పా, అది ఆరోది.
అయిదోదాంట్లో మూడొందల నలభై కాడ
రవ్వంత తేమ తగిలిండ్లా?
పాపకు చెప్పల్ల."

వయొలిన్ పెట్టెల నడుమ దారి చేసుకుంటా,
గ్లాసులో టీ తొణక్కుండా,
కూతురి దగ్గరికి పోయినాడు.