పెన్సిల్ గీత

స్వెన్‌బోర్గ్ రేవులో, మార్చి చివరి చలిలో
ఆల్విల్డని ఒడ్డుకు లాగి కొయ్యల మీద నిలబెట్టారు.
నాచు గీకేసిన అడుగుతో
తలంటాక తడి తుడవని పిల్లలా ఉంది.

నేను మెకానిక్‌ని. నాకు చెప్పిన పని ఒక్కటే:
ఇంజన్ పీకెయ్.
కొత్త యజమాని ఆస్గర్‌కి అసలు పడవ కావాలట,
ముప్ఫై ఆరులో పుట్టినప్పటిది,
గాలి తప్ప ఇంకో దిక్కు ఎరగనిది.

అతన్ని అనడానికి లేదు. చూడండి దాన్ని:
ముందూ వెనకా ఒకేలా కొసతేలి,
దోసిలి పట్టినట్టు ఓక్ పక్కటెముకలు,
వాటికి రాగి మేకులతో అంటిపెట్టుకున్న లార్చ్ పలకలు.
హెర్రింగ్ వలలు మోసిన పడవలకి మనవరాలు.
వెంటపడి వచ్చే అలతో తగువు పెట్టుకోదు,
వెనక కొసతో రెండుగా చీల్చి
చెరో పక్కనుంచీ సాగనంపుతుంది.
ఈ వంపు గీసిన తోర్వాల్
తెరచాపకి తోడు ఇంజనంటే
"పాట మధ్యలో దగ్గు" అనేవాడట.

ఒంటి సిలిండర్ ఇంజన్. ఆకుపచ్చ రంగు పెచ్చులూడుతోంది.
బ్లోలాంపుతో తల వేడిచేసి, చక్రం చేత్తో తిప్పితే
దుంక్... దుంక్... దుంక్...
ఎవరో ముసలాయన మెట్లెక్కుతున్నట్టు.
నాలుగు బోల్టులు వదులయ్యాయి. ఐదోది మొరాయించింది.

అప్పుడొచ్చింది రాన్‌హిల్, తోర్వాల్ మనవరాలు,
చంకలో గుడ్డమీద గీసిన పాత ప్లాను చుట్టతో.
విప్పి, మూలల్లో నా పానాలు బరువు పెట్టాం.
నల్లసిరాలో అన్నీ ఉన్నాయి,
టీ కెటిల్ తగిలించే కొక్కెంతో సహా.
ఇంజన్ లేదు.
ఆస్గర్ నవ్వాడు.

ఆమె వెనక కొస దగ్గర వేలు పెట్టింది.
చిన్న సున్నా. పెన్సిల్‌తో.
పక్కన వంకర అక్షరాలు: "ఇక్కడ. సిసెల్."

"మా నాయనమ్మ," అంది.
ముప్ఫై ఎనిమిది ఆగస్టులో గాలి చచ్చిపోయింది.
తోర్వాల్ రెండు రాత్రులు నీళ్ళమీదే ఉండిపోయాడు,
పక్కన ఆరేళ్ళ కొడుకు, ఒళ్ళు పేలిపోయే జ్వరంతో.
రేవు చివర లాంతరు పట్టుకుని ఈవిడ.
మూడోరోజుకి చేరారు. పిల్లాడు బతికాడు.
ఆవిడ ఏడవలేదు, తిట్టలేదు.
కూరగాయల కత్తితో పెన్సిల్ చెక్కుకుంది.

మళ్ళీ చూశాను ఆ సున్నాని.
వెనక దూలం మీద లేదు, నాలుగు వేళ్ళు పక్కగా ఉంది.
ఆయన ప్రాణంగా చూసుకున్న దూలానికి
గాటు పడకుండా.

ఆస్గర్ చాలాసేపు ఏమీ అనలేదు.
కాఫీ తెస్తానని వెళ్ళాడు.
నేను ఐదో బోల్టుని దాని మానాన వదిలేసి
మొదటి నాలుగూ బిగించడం మొదలెట్టాను.