పదకొండు ఫ్రేములు

నా పని డబ్బాలు గీసుడు.
అఫ్జల్‌గంజ్ చౌరస్తా వీడియో, సెకనుకు ఇరవై ఐదు బొమ్మలు.
బొమ్మల కనబడ్డ ప్రతి మనిషికి ఒక పచ్చ డబ్బా,
బండికి నీలం, ఆటోకు పసుపు,
ఆవుకు కుక్కకు కలిపి ఒకటే ఊదా.
నెత్తిమీద మంచం పెట్టుకొని పోయెటాయన
మనిషా, సామానా?
"మెడదాంక మనిషి, పైన సామాను" అన్నది జుబేదా మేడం
కొండాపూర్ ల్యాబుల కూసోని.
గట్లనే ఒక్క మనిషిని రెండు డబ్బాలు చేసిన.

నా గీతలు చూసి మెషీను నేర్చుకుంటదట.
బలపం నాది, పలక దానిది.
మొదట్ల బస్సు ఎనక అంటించిన హీరోను గూడ మనిషన్నది.
పోస్టర్ల మనిషి లెక్కల రాడని చెప్పినం. ఇన్నది.
బట్టల దుకాణం ముంగటి బొమ్మను మనిషన్నది.
గంటలకొద్ది కదలకుంటె అది బొమ్మ అని చెప్పినం.
గదీ ఇన్నది.
ఇగ అప్పటిసంది
ఉస్మానియా దవాఖాన గేటుకాడ
టిఫిన్ డబ్బా ఒళ్లె పెట్టుకొని రాత్రంత కూసున్నోళ్లను
బొమ్మలంటున్నది.

వానొస్తె ఇంక పరేషాన్.
గొడుగు తెరిస్తె మనిషి మాయం.
ఇంతమంది ఎటు పోయిన్రని అది అడగదు,
సున్నా అని రాస్తది.

జులైల ఒక పొద్దుగూకే యాళ్ల
తోపుడుబండి మీద బీరువా పోతున్నది.
దాని తలుపుకు నిలువుటద్దం.
అద్దంల కరెంటు తీగలు, ఆకాశం, బస్సు ముక్క,
బండి గుంతల వడి పక్కకు ఒరిగింది
అప్పుడు కనబడ్డడు
మా కెమెరా కంబానికే ఈపు ఆనించి ఒకాయన.
నోట్ల దారం, కాళ్ల నడుమ చువ్వలు లేసిన గొడుగు.
పదకొండు ఫ్రేములు.
అర సెకను గూడ కాదు.

మూడు నెలలసంది ఆ చౌరస్తా చూస్తున్న.
ఏ గుంతల నీళ్లు ఎన్నొద్దులు నిలుస్తయో ఎరుకే.
ఈయన ఎన్నడు కానరాలే.
దీపం కింద చీకటని మా నాయనమ్మ ఊకె అనేది.
కెమెరా కింద చీకటి గూడ లేదు,
ఫుల్లు ఎండ.

పదకొండు పచ్చ డబ్బాలు గీసిన.
పదకొండూ ఎర్రగై తిరిగొచ్చినయి.
"అద్దంల మనిషిని లెక్కవెడితె
ఒక్కడు రెండుసార్లయితడు చంద్రకళా."
"ఈయన ఒక్కసారన్న కాలేదు మేడం."
ఫోన్ల ఏసీ చప్పుడు ఇనబడ్డది కొంతసేపు.
"రూలు రూలే గదా" అన్నది, మెల్లగ.
తీసేసిన.
డబ్బాకు నలభై పైసలు,
నాలుగు రూపాయల నలభై పైసల మనిషి.

ఆదివారం నా గొడుగు పట్టుకొని బస్సెక్కిన.
చువ్వ ఇరగలే, నేనే ఇరిచిన.
పేరు బాలనర్సు అన్నడు.
"ఎన్నేండ్లసంది ఈడ కూసుంటున్నవు?"
"కంబం కంటె ముందుసంది బిడ్డా."
"పైన కెమెరా ఉన్నది, ఎరుకేనా?"
తల ఎత్తలేదు, సూదిల దారం ఎక్కిస్తున్నడు.
"దాని నీడ నా పెట్టె మీదికొచ్చిందంటె పదకొండు గొట్టినట్టు.
గప్పుడు చాయ్ తాగుత."
నాకు గూడ చెప్పిండు ఒక చాయ్.

సోమవారం ఆ వీడియో నా స్క్రీను మీదికే వచ్చింది.
నేను నడిచొస్తున్న.
మెషీను ముందే డబ్బా గీసి పెట్టింది,
నూటికి తొంభై ఏడు పాళ్లు మనిషే అని.
కింది అంచుకాడ మొదలు చెప్పులు పోయినయి,
తర్వాత నడుము, ఆఖరుకు పాపట.
ఇరవై నిమిషాలు చౌరస్తల నేను లేను.
మళ్ల వచ్చిన,
వాన లేదు, ఏం లేదు,
కొత్త చువ్వ ఎట్లున్నదో చూద్దామని
గొడుగు తెరుచుకొని నడుస్తున్న.
మెషీను రాసింది: సామాను.

నేను దిద్దలే.