చిన్న చిన్న సవరణలు

దొరికింది మంగళవారం, అర్ధరాత్రి దాటాక.
టీ చల్లారి మీగడ కట్టింది.
హల్ నగరమంతా వాన. వీధి చివర
పాలరంగు టెలిఫోన్ పెట్టె ఒక్కటే మేలుకొని ఉంది.

పెద్ద పొరపాటేం కాదు.
పది గదుల వరుసలో
పదకొండో గది తలుపు తట్టమంటోంది ఒక లైను.
పదకొండో గది లేదు.
ఆ లేని గదిలోంచి నడిచి
యంత్రం గుండెదాకా వెళ్లొచ్చు ఎవరైనా.
ఒక్క సున్న పడితే పది పంది అయినట్టు
ఒక్క గీత ఎక్కువైంది, అంతే.
పన్నెండేళ్ల కిందట, బహుశా
బస్సు వేళవుతోందని ఎవరో తొందరలో గీసిన గీత.

ఆ యంత్రం రక్తాన్ని కడుగుతుంది.

కంపెనీకి రాశాను.
"ధన్యవాదాలు, పరిశీలిస్తున్నాం" అన్నారు.
తొంభై రోజులు గడువు.
నోట్లో నువ్వుగింజ నానని మనిషిని.
తొంభై రోజులు నానబెట్టాలి.
చెబితే దొంగకు కన్నం చూపించినట్టు.
చెప్పకపోతే,
దొంగకు నాకంటే ముందే తెలిసుంటే?

పక్కింటి ఆడ్రీ థర్కెల్
సోమ, బుధ, శుక్రవారాలు
ఆ యంత్రం పక్కన నాలుగేసి గంటలు పడుకుంటుంది,
ఖాళీగా ఉన్న చేత్తో గళ్ల నుడికట్టు నింపుకుంటూ.
ఇంటి తాళంచెవి జెరేనియం కుండీ కింద.
వీధి మొత్తానికి తెలుసు.

ముప్పై ఒకటో రోజు ఉండబట్టలేక అన్నాను,
"అక్కడ పెట్టకండి."
"ముప్పై ఏళ్లలో ఎవరూ ఏదీ ఎత్తుకుపోలేదమ్మా.
ఒకసారి ఎవరో లోపలికొచ్చి కేకు పెట్టి వెళ్లారు"
అని నవ్వింది.
ఆమె మోచేతి దగ్గర ఉబ్బిన నరాన్ని చూడలేక
గుమ్మంలోని పాలసీసా వైపు చూశాను.

నలభై. యాభై రెండు. అరవై ఏడు.
హంబర్ మీంచి మంచు వచ్చి
కిటికీకి ముఖం ఆనించి పోయేది.
నాకు పీడకలలు రాలేదు, లెక్కలొచ్చాయి.
ఈపాటికి ఆ పదకొండో గదిలో
ఎవరైనా చాప పరుచుకు కూర్చున్నారా?
కూర్చున్నవాడు దీపం వెలిగించడు కదా.
దొంగలు పడ్డ ఆర్నెల్లకు మొరిగే కుక్కనా నేను,
దొంగ రాకముందే
మూతికి గుడ్డ కట్టుకున్న కుక్కనా?

ఎనభై ఎనిమిదో రోజు మాసిక వచ్చింది.
కింద ఒక్క ముక్క: చిన్న చిన్న సవరణలు.
విప్పి చూశాను.
గీత తీసేశారు.
చీర చిరుగుకు కుట్టేస్తే
కనీసం దారమైనా కనబడుతుంది.

ఆ శుక్రవారం ఆడ్రీ ఆలస్యంగా వచ్చింది, చిర్రుబుర్రులాడుతూ.
"కొత్తదేదో ఎక్కిస్తున్నారట ఆ దిక్కుమాలిన యంత్రానికి!
ఇరవై నిమిషాలు కూర్చోబెట్టారు చలిలో.
బానే పనిచేస్తోందిగా, ఎవరు కెలకమన్నారట?"
"క్షమించండి" అన్నాను.
"నువ్వేం చేశావమ్మా మధ్యలో?"

కుండీ ఎత్తింది. తాళంచెవి తడిసి ఉంది.
కొంగు లేదు కాబట్టి కోటుకే తుడుచుకుని
తలుపు తీస్తూ, వీధంతా వినబడేలా,
రేపు తను ఇంట్లో ఉండదని,
బెవర్లీలో చెల్లెలి దగ్గరికి వెళ్తోందని
చెప్పింది.